పందికి పోసిన నూనె ఎటు పోయింది

గుండుగొలను నిత్యానందం చెవితో విన్నదాన్ని నమ్మే మనిషి కాదు. చేత్తో పట్టుకోవాలి, నలపాలి, వాసన చూడాలి, వీలైతే నాలిక్కి రాసుకోవాలి. పెళ్ళిచూపుల నాడు "మా అమ్మాయి చర్చిలో చాలా బాగా పాడుతుందండి" అని మామగారు చెబితే తలూపి ఊరుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం చెప్పాపెట్టకుండా భీమడోలు వెళ్ళి, చర్చిలో ఆఖరి బల్ల మీద కూర్చుని విని, అప్పుడు ఒప్పుకున్నాడు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా రాజకుమారి ఆ సంగతి వదల్లేదు. కొత్త కూర ఏదైనా వండినప్పుడల్లా "ఏవండీ, ఆఖరి బల్ల మీద కూర్చుని తింటారా?" అని అడుగుతుంది.

పదో తరగతి తప్పాక అతను తాడేపల్లిగూడెంలో ఒక నూనె మిల్లులో చేరాడు. గింజల్ని పిండి నూనె తీసే యంత్రాన్ని అక్కడ ఎక్స్‌పెల్లర్ అంటారు. దాని మీద పాతికేళ్ళు పనిచేశాడు. గింజ ఒక పక్క పడుతుంది, నూనె కింద కారుతుంది, పిప్పి చెక్కలాగా రెండో పక్క బయటికొస్తుంది. మిల్లులో అందరూ కారే నూనెని చూస్తే నిత్యానందం మాత్రం చెక్కని చూసేవాడు. వేడి చెక్క ముక్కని బ్రౌన్ పేపరు మడతలో పెట్టి, కాల్చిన ఇనపముక్కతో నొక్కేవాడు. కాగితం మీద మరక ఎంత పాకితే అంత నూనె చెక్కలో మిగిలిపోయినట్టు. మరక చూసి, రెంచి పట్టుకుని వెళ్ళి, ఒక నట్టు పావుచుట్టు బిగించి వచ్చేవాడు. మేనేజరు లాబొరేటరీ రిపోర్టు తెప్పించుకునేసరికి ఇతను ఆ పని పూర్తి చేసి టీ తాగుతూ ఉండేవాడు.

మిల్లు మూతపడ్డాక ఊరికి వచ్చి, ఇంటి వెనక స్థలంలో షెడ్డు వేసి పందుల్ని పెంచడం మొదలెట్టాడు. అవి తెల్లవి, పెద్దజాతివి. నూకలు, తవుడు, ఆకివీడు నుంచి వచ్చే చేపతలల పొడి, అదీ వాటి దాణా. తినడం బాగానే తిన్నాయి. పెరగడం మాత్రం వాటి ఇష్టం వచ్చినప్పుడు పెరిగాయి. వరసగా రెండేళ్ళు క్రిస్మస్‌కి తూకం రాలేదు. ఏలూరు నుంచి వచ్చే కొనుగోలుదారు డెబ్బై కిలోల లోపు జంతువుని బండి ఎక్కించుకోడు. "వచ్చే ఈస్టరుకి చూద్దామండి" అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోతాడు.

ఈ లోపు రాజకుమారి తమ్ముడు ప్రభుదాసు ఒక కబురు తెచ్చాడు. అతను ఆకివీడులో చేపల చెరువుల మీద సూపర్వైజరు. చెరువుల్లో గాలి కొట్టే మోటార్లు చూసుకోవడానికి ఒక మనిషి కావాలట. గట్టు మీద రేకుల గది ఇస్తారట.

"బావగారికి అయితే సరిగ్గా సరిపోతుందక్కా. పనేమీ లేదు. స్విచ్చి వెయ్యడం, స్విచ్చి తియ్యడం. నేను చెప్తా ఉంటాను, ఆయన నొక్కుతా ఉంటారు."

ఆ ఆఖరి మాట నిత్యానందం గుండెల్లో దిగబడింది. పాతికేళ్ళు నట్టు పావుచుట్టు తేడా తెలుసుకుని బతికినవాడు, ఇప్పుడు ప్రభుదాసు చెబితే స్విచ్చి నొక్కాలి. ప్రభుదాసు ఆపకుండా రోజంతా మాట్లాడగలడు.

రాజకుమారి మిషన్ స్కూల్లో టీచరు. ఆమెకి మార్కులు వెయ్యడం అలవాటు. గోడ మీది క్యాలెండరు తిప్పి, వెనక ఇలా రాసింది: "నవంబరు ఆఖరి ఆదివారానికి పన్నెండింటిలో ఎనిమిది, డెబ్బై కిలోలు దాటాలి. దాటకపోతే షెడ్డు బంద్. డిసెంబరు ఒకటిన ఆకివీడు." కింద తను సంతకం చేసి, అతని చేత చేయించి, సాక్షి సంతకం తమ్ముడి చేత పెట్టించింది.

అప్పుడు ఆగస్టు మొదలు. షెడ్డులో పన్నెండు పిల్లలున్నాయి, ఒక్కొక్కటి పాతిక కిలోలు.

నిత్యానందం ఆలోచన సూటిగా ఉంది. కడుపులో చోటు తక్కువ, పెరగాల్సింది ఎక్కువ. చిన్న కొలతలో ఎక్కువ బలం ఉండేది నూనె ఒక్కటే. కాబట్టి దాణాలో నూనె కలపాలి. మొదట పునుగుల బండి సుబ్బలక్ష్మి దగ్గర మరిగి మరిగి నల్లబడ్డ నూనె తెచ్చి కలిపాడు. పందులు తొట్టి దాకా వచ్చి, వాసన చూసి, అతని మొహంలోకి చూసి, వెనక్కి వెళ్ళిపోయాయి.

అందుకని తాడేపల్లిగూడెం వెళ్ళి హుస్సేన్ గారిని కలిశాడు. హుస్సేన్ గారు మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి, ఇప్పుడు బజారులో నూనె కొట్టు నడుపుతున్నారు. నూనెని అరచేతిలో వేసుకుని రుద్ది, అది ఏ నెలలో తీసిందో చెప్పగల మనిషి. ఆయన ఎదట నిత్యానందం 'పంది' అనే మాట ఎత్తడు. ఆయనేమీ అడగలేదు, ఇతనే పెట్టుకున్న మర్యాద. షెడ్డులో ఉన్నవి పిల్లలే కాబట్టి "మా పిల్లలు" అంటాడు. మాట మారాక క్రియ కూడా మారాలి కదా. ఇంటి దగ్గర 'తింటున్నాయి' అనేది హుస్సేన్ గారి కొట్లో 'తింటున్నారు' అవుతుంది. ఆయన కూడా నవ్వు మీసాల్లో దాచుకుని "మీ పిల్లలు" అంటారు.

"ముక్కిన నూనె ఎవరి ఒంటికీ పట్టదోయ్," అన్నారు హుస్సేన్ గారు. "తాజాది పొయ్యి. చిన్నపిల్లల పేగుకి కొవ్వు అరిగించుకోవడం వెంటనే రాదు. కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యి. ఇంకోటి, పామాయిల్ చలికి గడ్డకడుతుంది, తవుడు నూనె కట్టదు. గడ్డకట్టేదానికంటే కట్టనిది తేలిగ్గా అరుగుతుందంటారు."

"అంటారా, మీరు చూశారా మేస్త్రి గారూ?"

"నేను చూళ్ళేదోయ్. నీ పిల్లలు, నువ్వు చూసుకో."

అలా మూడు గదులయ్యాయి. మొదటి గదిలో నలుగురికి దాణాలో తవుడు నూనె. రెండో గదిలో నలుగురికి పామాయిల్. మూడో గదిలో నలుగురికి ఏ నూనే లేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఒక్కోదాన్నీ ఇనప బోనులోకి తోలి తూచేవాడు. గోడ మీద గళ్ళ కాగితం అంటించి, తవుడు నూనె గదికి ఎర్ర గీత, పామాయిల్ గదికి పచ్చ గీత, ఉత్తి గదికి నల్ల గీత గీశాడు. నాలుగు వారాలు ఎర్ర గీత, పచ్చ గీత పైపైకి వెళ్ళాయి. నల్ల గీత వెనక పడింది.

పని బాగా జరుగుతున్నప్పుడు మనిషికి తొందర పుడుతుంది. ఐదో వారం మొదట్లో నిత్యానందం నూనె ఒక్కసారి రెట్టింపు చేశాడు. మర్నాటికి రెండు నూనె గదుల్లోనూ కాలు పెట్టడానికి లేదు. అన్నీ నీళ్ళలా జారిపోతున్నాయి.

సరిగ్గా ఆ రోజే ప్రభుదాసు మోటారు సైకిలు దిగాడు. ముక్కుకి రుమాలు కట్టుకుని షెడ్డులోకి తొంగి చూశాడు.

"బావగారూ, దీనికి ఇంత ఆలోచనెందుకండీ. సున్నం కొట్టండి!"

కొల్లేటి చెరువుల మీద పనిచేసేవాళ్ళకి సున్నమే సర్వరోగ నివారిణి. నీళ్ళు పచ్చబడితే సున్నం. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిస్తే సున్నం. గట్టు దగ్గర వాసనొస్తే సున్నం. నిజానికి వాళ్ళు సున్నం అనే బస్తాల్లో కొన్నిట్లో ఉండేది కాల్చిన సున్నం కూడా కాదు, నత్తగుల్లలు మర పట్టించిన పొడి. అలాంటి బస్తా ఒకటి ప్రభుదాసు మర్నాడే పంపించాడు. "పూటకి రెండు గుప్పిళ్ళు. ఎముక కూడా గట్టిపడుతుంది" అని ఫోను చేశాడు.

నిత్యానందం నూనె తగ్గించి, గుల్ల పొడి కలిపాడు. మూడు గదులకీ ఒకటే లెక్క ఉండాలని, జారుడు లేని మూడో గదికి కూడా కలిపాడు. మూడు రోజుల్లో అంతా గట్టిపడింది. ప్రభుదాసు ఈ విజయం గురించి ఆకివీడు అంతా చెప్పాడు.

నిత్యానందానికి మాత్రం ఒక అనుమానం మిగిలింది. పోసిన నూనె ఒంటికి పడుతోందా, కిందికి పోతోందా? అతని దృష్టిలో పంది కూడా ఒక ఎక్స్‌పెల్లరే. ఒక పక్క మేత పడుతుంది, నూనె లోపల దిగాలి, మిగిలింది రెండో పక్క వస్తుంది. ఎంత దిగిందో తెలియాలంటే బయటికొచ్చిందాన్ని చూడాలి. మూడు గదుల్లోంచి పెంట తీసి, ఎండబెట్టి, బ్రౌన్ పేపరు మడతల్లో పెట్టాడు. ఇనపముక్క కాల్చడానికి పొయ్యి ఖాళీ లేదు. బల్ల మీద ఇస్త్రీపెట్టె కనిపించింది.

మర్నాడు పొద్దున్న రాజకుమారి చీర ఇస్త్రీ చేస్తూ చెయ్యి ఆపింది. ఇస్త్రీపెట్టె ఎత్తి వాసన చూసింది. చీర వాసన చూసింది. మళ్ళీ ఇస్త్రీపెట్టె వాసన చూసింది.

"ఏవండీ."

"ఆయ్."

"ఈ ఇస్త్రీపెట్టెతో ఏం చేశారండీ?"

"మధ్యలో కాగితం ఉందండి. ముట్టుకోలేదు."

"దేనికి, కాగితానికి మధ్యలో?"

నిత్యానందం జవాబుకి బదులు మూడు కాగితాలు తెచ్చి చూపించాడు. "చూడండి, ఒక్క మరక లేదు. అంటే పోసిన నూనె అంతా లోపలే ఉంది. చుక్క బయటికి రాలేదండి!"

అంత సంతోషంగా ఉన్న మొగుడిని తిట్టలేక, అలాంటి చీర కట్టుకోలేక, రాజకుమారి ఆ రోజు స్కూలుకి పండగ చీర కట్టుకుని వెళ్ళింది.

ఆ సంతోషం ఆదివారం దాకానే ఉంది. తూకంలో ఎర్ర గీత ఆగిపోయింది. పచ్చ గీత అంతకంటే చదునుగా పడుకుంది. పై ఆదివారం అంతే. ఆపై ఆదివారమూ అంతే. నూనె లేని నల్ల గీత ఒక్కటే తన నడక తను నడుస్తోంది.

"నేను చెప్పలేదేంటి అక్కా," అన్నాడు ప్రభుదాసు. "నూనె పందికెందుకు? ఇంజనుకి పోస్తారు నూనె. బావగారూ, దుప్పటి ఒకటి మందంది తెచ్చుకోండి. గట్టు మీద చలి ఎక్కువ."

ఎనిమిదో వారంలో నిత్యానందం మళ్ళీ గూడెం వెళ్ళాడు. కొట్లో హుస్సేన్ గారు ఎవరికో నూనె కొలుస్తున్నారు.

"ఏమోయ్, పిల్లలెలా ఉన్నారు?"

"తింటున్నారండి. తవుడు నూనె నలుగురికి పోస్తున్నాను, పామాయిల్ నలుగురికి. మిగతా నలుగురికీ ఏం లేదండి, ఉత్తి నూకలే."

"విరోచనాలు తగ్గాయా?"

"సున్నం పెట్టాక తగ్గాయండి. పూటకి రెండు గుప్పిళ్ళు పెడుతున్నాను. కానీ బరువు రావడం లేదు మేస్త్రి గారూ. డిసెంబరుకి బరువు రాకపోతే ఎవరూ కొనుక్కోరు. నా బతుకు గట్టు మీదే."

"కొట్టుకోవడం లేదు కదా?"

"మొన్న ఒకడు పక్కోడి చెవి కొరికేశాడండి."

నూనె కొలిపించుకుంటున్న ఆవిడ సీసాకి మూత పెట్టడం మానేసి ఇతని వైపు తిరిగింది. ఆవిడ పేరు చంద్రకళ. తల్లీపిల్లల ఆరోగ్యం చూసే ఏఎన్ఎం. పుట్టిల్లు గూడెం. గుండుగొలనుకి బదిలీ అయి పది రోజులే అయింది. చిల్లర కూడా తీసుకోకుండా బయటికి వెళ్ళి, "ఆ లోపలున్నాయన ఏ ఊరండీ?" అని పక్క కొట్లో అడిగింది. "గుండుగొలను నిత్యానందం కదండీ" అన్నారు వాళ్ళు.

మర్నాడు ఉదయం తొమ్మిదికి చంద్రకళ తూకం మిషను, ఎదుగుదల కార్డుల కట్ట పట్టుకుని ఇంటి ముందు నిలబడింది. రాజకుమారి తలుపు తీసింది.

"పిల్లలెక్కడున్నారండీ?"

"పిల్లలేంటండీ, మాకు ఒక్కతే అమ్మాయి. రమ్య. ఏలూరులో చదువుకుంటోంది."

"మరి ఆ పన్నెండుమంది?"

"ఎంతమంది?"

"పన్నెండుమందండి. నిన్న ఆయనే స్వయంగా చెప్పారు. డిసెంబరులో అమ్మేస్తారంట కూడా. సున్నం తినిపిస్తున్నారంటండీ పసిపిల్లలకి!"

"ఏవండీ!" రాజకుమారి కేక వీధి చివరి దాకా వినిపించింది. "పన్నెండుమంది పిల్లలంట! ఎక్కడండీ?"

నిత్యానందం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "వెనక షెడ్డులో ఉన్నారు కదండీ," అన్నాడు. హుస్సేన్ గారి కొట్టు మర్యాద ఇంకా నాలిక మీంచి దిగలేదు.

"షెడ్డులో పెట్టారా!" అంటూ చంద్రకళ అతన్ని తోసుకుని వెనక్కి పరుగెత్తింది.

కాసేపటికి షెడ్డులోంచి నవ్వు వినిపించింది. మొదట చంద్రకళది, తర్వాత గుమ్మం పట్టుకుని కూర్చుండిపోయిన రాజకుమారిది. నిత్యానందం ఒక్కడే నవ్వలేదు. "ఇందులో అబద్ధం ఏముందండీ, పిల్లలే కదా" అన్నాడు.

కళ్ళు తుడుచుకున్న చంద్రకళకి గోడ మీద గళ్ళ కాగితం కనిపించింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. పదిహేనేళ్ళుగా అలాంటి కాగితాలే చూస్తున్న కళ్ళవి. ఆ గీతల దగ్గరికి వెళ్ళి వేలు పెట్టింది.

"ఇవి ఎవరు గీశారండీ?"

"నేనేనండి."

"మా వాళ్ళు కూడా ఇంత శుభ్రంగా గియ్యరు. ఇదిగో, ఈ రెండు గీతలూ ఐదో వారం దాకా బాగున్నాయి. తర్వాత ఆగిపోయాయి. ఎదుగుదల ఆగితే మేము మొదట అడిగేది ఒకటే. ఈ వారం ఇంట్లో ఏం మారింది?"

"నూనె ఎక్కువైందండి. మళ్ళీ తగ్గించేశాను."

"తగ్గించినా గీత లేవలేదు కదా. ఇంకేం మారింది?"

"సున్నం మొదలెట్టానండి."

"అయితే సున్నమే."

"కాదండి. నల్ల గీత వాళ్ళకి కూడా అదే సున్నం పెట్టాను. వాళ్ళు బాగానే ఉన్నారు."

చంద్రకళ కార్డుల కట్ట చంకలో పెట్టుకుంది. "నూనె ఒక్కటే ఉన్నప్పుడు బాగానే ఉన్నారు. సున్నం ఒక్కటే ఉన్నోళ్ళూ బాగానే ఉన్నారు. రెండూ కలిసినోళ్ళే ఆగిపోయారు. రెండూ కలిస్తే ఏమవుతుందో నాకు తెలీదండి. మీరు చూసుకోండి." అని చెప్పి, వెళ్ళేముందు మొదటి గదిలో చెవి తెగినదాని వైపు చూసి, "దానికి పసుపు రాయండి" అంది.

నూనె, సున్నం. నిత్యానందం ఆ రెండు మాటలూ నములుతూ పెరట్లో తిరిగాడు. రాజకుమారి బోరింగు నీళ్ళతో బట్టలు ఉతుకుతోంది. ఆ నీళ్ళకి నురగ రాదు. సబ్బు విరిగిపోయి, బూడిదరంగు పాచిలాగా బకెట్టు అంచుకి అతుక్కుంటుంది. ఎంత కడిగినా వదలదు.

"ఈ నీళ్ళలో సున్నం తగలెయ్య," అంది రాజకుమారి తనలో తను. "సబ్బంతా తినేస్తోంది."

నిత్యానందం ఆగిపోయాడు. బకెట్టు దగ్గర కూర్చుని ఆ పాచిని గోటితో గీకి, వేళ్ళ మధ్య నలిపాడు. జిడ్డుగానూ లేదు, పిండిగానూ లేదు. మైనంలా ఉంది. లేచి షెడ్డులోకి వెళ్ళి, పామాయిల్ గదిలోంచి కొంచెం పెంట తీసి అలాగే నలిపాడు. అదే మైనం.

అప్పుడు వెలిగింది. కడుపులో విరిగిన నూనె, సున్నంతో కలిసి సబ్బు కడుతోంది. నీళ్ళలో కరగని సబ్బు. పేగుకి అందకుండా అలాగే బయటికి పోతోంది. కాగితం మీద మరక పడకపోవడానికి కారణం నూనె లోపల ఉండిపోవడం కాదు. అది సబ్బయి బయటికొచ్చింది. సబ్బు ముక్కని కాగితంలో పెట్టి ఎంత నొక్కినా మరక పడదు కదా. మూడో గదిలో విరగడానికి నూనే లేదు, కాబట్టి సున్నం అక్కడ పెద్దగా ఏమీ చెయ్యలేదు.

అనుకున్నంత మాత్రాన నమ్మితే అతను నిత్యానందం కాదు. మిల్లులో నూనె శుద్ధి చేసినప్పుడు అడుగున సబ్బులాంటి మడ్డి మిగిలేది. అందులో యాసిడ్ పోసి కాస్తే సబ్బు విడిపోయి నూనె పైకి తేలేది. ఇక్కడా అంతే చేశాడు. బాత్రూములు కడిగే యాసిడ్ తెచ్చి, మొహానికి తువ్వాలు కట్టుకుని, గాలివాటం చూసి దూరంగా నిలబడి, మూడు గిన్నెల్లో వేసిన ఎండు పెంట మీద పోశాడు. గుల్ల పొడి బుసబుసమని పొంగింది. సన్నటి మంట మీద కాచి, దించి చల్లారనిచ్చాడు. పైన పసుప్పచ్చగా కొవ్వు తెట్టు కట్టింది. పామాయిల్ గది గిన్నెలో బొటనవేలి మందం ఉంది. తవుడు నూనె గది గిన్నెలో అందులో సగం. ఉత్తి గది గిన్నెలో కంటికి ఆనీ ఆనకుండా ఒక పొర.

సాయంత్రం ప్రభుదాసు వచ్చేసరికి మూడు గిన్నెలూ అరుగు మీద వరసగా ఉన్నాయి.

"ఏంటి బావగారూ, పాయసమా?"

"నువ్విచ్చిన సున్నమోయ్. నా నూనెంతా ఇదిగో ఇలా సబ్బు చేసి బయటికి పంపింది."

"సున్నాన్ని అనకండి బావగారూ. సున్నంలో తప్పుండదు. చెరువులకి చెరువులే బతుకుతున్నాయి దానితో."

"చెరువు నూనె తాగదు కదా."

"అయినా ఈ గిన్నె అక్కదిలా ఉందే," అన్నాడు ప్రభుదాసు, మాట మార్చడంలో అతనికెవరూ సాటి లేరు. లోపల్నించి రాజకుమారి వచ్చి మూడు గిన్నెల్నీ చూసింది. మూడూ తనవే. అవి మళ్ళీ వంటింటి గుమ్మం తొక్కలేదు.

గుల్ల పొడి పూటకి చెంచాడికి దిగింది, ఎముకకి ఆ మాత్రం చాలు. నూనె వారానికింత చొప్పున నెమ్మదిగా పెరిగింది. తర్వాతి ఆదివారానికి ఎర్ర గీత లేచింది. ఆపై వారం పచ్చది కూడా లేచింది. కానీ పోయిన మూడు వారాలూ పోయినవే. నవంబరు చివరికొచ్చేసరికి ఎన్ని దాటుతాయో నిత్యానందమే చెప్పలేకపోయాడు. ఎవరైనా అడిగితే "తూచాక చెప్తానండి" అనేవాడు.

ఆఖరి ఆదివారం రానే వచ్చింది. ప్రభుదాసు కొత్త చొక్కా వేసుకుని, మందపాటి దుప్పటి ఒకటి తనే కొనుక్కుని వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాజకుమారి క్యాలెండరు, పెన్ను పట్టుకుంది. నిత్యానందం ఆ పొద్దున్న ఎవరికీ మేత పెట్టలేదు. నీళ్ళు తాగించి తూకం పెంచుకునే ఉపాయం ప్రతి వ్యాపారికీ తెలుసు. అతను దాన్ని పని అనడు.

తవుడు నూనె గది ముందు వచ్చింది. డెబ్బై నాలుగు. డెబ్బై మూడు. డెబ్బై రెండున్నర. డెబ్బై ఒకటి. నాలుగూ దాటాయి. పామాయిల్ గదిలో మొదటిది డెబ్బై రెండు, రెండోది డెబ్బై ఒకటి, మూడోది డెబ్బైన్నర. మొత్తం ఏడు. ఇంకొక్కటి చాలు.

ఎనిమిదోది బోనులోకి ఎక్కింది. తూకం మీద ఎర్రంకెలు కదిలి కదిలి నిలబడ్డాయి. డెబ్బై కిలోల రెండు వందలు.

"హల్లెలూయా!" అంది రాజకుమారి, తన పక్షమేదో మర్చిపోయి.

ఆమె పెన్ను కాగితం మీద పెట్టేలోపు పంది ప్రశాంతంగా తోక ఎత్తింది. పెంట బోను సందుల్లోంచి నేల మీద పడింది. ఎర్రంకెలు మళ్ళీ కదిలాయి. అరవై తొమ్మిది కిలోల ఆరు వందలు.

రాజకుమారి పెన్ను గాల్లోనే ఉంది.

"ముందు చూసిందే రాస్తానండి," అంది మెల్లగా. "అది కూడా దానిదే కదా."

ప్రభుదాసు లేచాడు. "అదెలా అక్కా? ఇన్ని నెలలూ బావగారు ఏం చెప్పారు? పెంటలో పోయింది పందికి పట్టినట్టు కాదని కదా? దాని కోసమే కదా నీ గిన్నెలు పాడుచేసింది?"

జీవితంలో మొదటిసారి ప్రభుదాసు సరిగ్గా మాట్లాడాడు. నిత్యానందం నేల మీది పెంటని చూశాడు. పందిని చూశాడు.

"అరవై తొమ్మిది ఆరు వందలు రాయండి," అన్నాడు. "ప్రభుదాసు చెప్పింది నిజం."

రాజకుమారి రాసింది. ప్రభుదాసు దుప్పటి విప్పి, మడత సరిచేసి, అరుగు మీద పెట్టాడు. నిత్యానందం మాత్రం మూడో గది తలుపు తీశాడు.

"అవెందుకు బావగారూ? వాటికి నూనే లేదు కదా. ఎలాగూ రావు."

"తూచాలి కదోయ్. తొమ్మిది తూచి ఊరుకుంటే అదేం లెక్క?"

"తొమ్మిది కాదు, ఎనిమిది."

"ఇదిగో, తొమ్మిదోది ఎక్కుతోంది."

తొమ్మిదోది అరవై ఆరు. పదోది అరవై ఏడున్నర. ప్రభుదాసు ఆకివీడు చెరువు యజమానికి ఫోను చెయ్యడానికి నంబరు వెతుక్కుంటున్నాడు. పదకొండోది బోనులో నిలబడి చుట్టూ చూసింది. డెబ్బై కిలోల మూడు వందలు. అందరూ దాని తోక వైపే చూస్తున్నారు. తోక కదల్లేదు.

"రాయండి," అన్నాడు నిత్యానందం.

"అక్కా, ఇది అన్యాయం!" అన్నాడు ప్రభుదాసు. "ఇది నూనె తాగలేదు. నూనె లేకుండానే పెరిగింది. అంటే బావగారి పరీక్ష తప్పినట్టే కదా!"

రాజకుమారి క్యాలెండరు అతని ముందు పెట్టింది. "ఒరేయ్, సాక్షి సంతకం పెట్టింది నువ్వే. చదువు. పన్నెండింటిలో ఎనిమిది అని రాశాను. నూనె అనే మాట ఎక్కడైనా ఉందా?"

ప్రభుదాసు రెండుసార్లు చదివాడు. లేదు.

"పరీక్ష తప్పలేదు," అన్నాడు నిత్యానందం. "నూనె తాగినవి సగటున నాలుగైదు కిలోలు పైనే ఉన్నాయి. తవుడు నూనెవి ఇంకాస్త పైన ఉన్నాయి. ఇది ఒక్కటే వేరుగా ఉంది. ఎందుకో చూడాలి." అని పన్నెండోదాన్ని కూడా తూచాడు. అరవై ఐదు. అది రాయించాకే బోను తలుపు మూశాడు.

చెరువు యజమానికి ప్రభుదాసు ఫోను చెయ్యనన్నాడు. అతనికి మొహం చెల్లలేదు. రాజకుమారే చేసింది.

"నమస్కారమండి. నేను ప్రభుదాసు వాళ్ళ అక్కనండి. మా ఆయన రారండి... లేదండి, ఒంట్లో బాగానే ఉందండి... ఆయ్, ఇక్కడే పనుందండి ఆయనకి."

ఏం పని అని అవతల అడిగినట్టున్నారు. రాజకుమారి షెడ్డు వైపు చూసింది. నిత్యానందం మూడో గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పదకొండోదాని వెనక నేల మీంచి ఏదో తీసి, వేళ్ళ మధ్య నలుపుతున్నాడు. మర్యాదగా ఏం చెప్పాలో ఆమెకి ఒక్క మాటా తోచలేదు.

"పంది పెంట చూస్తారండి," అంది.

నిజమేనా అని అవతల మళ్ళీ అడిగారు.

"ఆయ్, నిజమేనండి," అంది రాజకుమారి. "చాలా బాగా చూస్తారండి."